గ్యాస్ అనుకుని ఆరు నెలలు పోగొట్టుకున్నాం

రొమ్ము క్యాన్సర్ తిరగబెడితే ఎముకలు, ఊపిరితిత్తులు, కాలేయం, మెదడుకు పాకుతుందని ఈమధ్య చదివిన ఒక వ్యాసంలో రాశారు. నిజమే. కానీ పొట్ట, పేగుల గురించి కూడా ఒక్క మాట రాయాల్సింది. అరుదే, అయినా మా ఇంట్లో జరిగింది.

మా పిన్నికి రొమ్ము ఆపరేషన్ అయిన తొమ్మిదేళ్లకు మొదలైంది. నాలుగు ముద్దలకే కడుపు నిండిపోయేది, వాంతులు, బరువు తగ్గడం. ఆరు నెలలు గ్యాస్ మాత్రలతోనే గడిచాయి. పాత జబ్బు సంగతి డాక్టరు అడగలేదు, మేమూ చెప్పలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు. మొదటి ఎండోస్కోపీలో ముక్క తీసి పరీక్షించి (బయాప్సీ), ఏమీ లేదన్నారు. చివరికి తేలింది, పాత రొమ్ము క్యాన్సరే పొట్టకు పాకిందని.

ఆమెది లోబ్యులర్ రకం, అంటే రొమ్ములో పాలు తయారయ్యే గ్రంథుల పేరు మీద పిలిచే రొమ్ము క్యాన్సర్. రొమ్ము క్యాన్సర్లలో సుమారు 10-15 శాతం ఇదే. కణాలను ఒకదానికొకటి అంటిపెట్టి ఉంచే ఇ-క్యాథరిన్ అనే ప్రొటీన్ వీటిలో సాధారణంగా ఉండదు. అందుకే గడ్డ కట్టకుండా విడివిడిగా జీర్ణాశయం గోడలోకి చేరతాయి. గోడ బిగుసుకుపోతుంది గానీ పైపొర మామూలుగానే కనిపించవచ్చు. ముక్క లోతుగా తీయాలి. మైక్రోస్కోపులో కూడా ఒక్కోసారి అచ్చం కడుపు క్యాన్సర్‌లాగే ఉంటుంది. ఈస్ట్రోజెన్ రిసెప్టర్, గాటా3 లాంటి, రొమ్ము క్యాన్సర్ కణాల్లో ఎక్కువగా కనిపించే ప్రొటీన్ల కోసం ముక్కలో వెతికే పరీక్షలతో తేడా పట్టుకుంటారు. ఆ తేడా చాలా ముఖ్యం. కడుపు క్యాన్సర్ అనుకుంటే పొట్టకు పెద్ద ఆపరేషన్ దాకా వెళ్లొచ్చు. రొమ్ము నుంచి పాకినదానికైతే ఎక్కువగా హార్మోన్ మందులు, కీమో లాంటివే ఇస్తారు.

పిన్ని పాత బయాప్సీ రిపోర్టు బీరువాలో దొరికింది కాబట్టి పాతదీ కొత్తదీ పోల్చి చూడగలిగారు. ఇప్పుడు మాత్రల మీద ఉంది. కాస్త పెరుగన్నం తినగలుగుతోంది.