తలుపు లోపలి నుంచి తెరుచుకోవాలి

ఒకప్పుడు ఫ్రిజ్‌కి గొళ్ళెం ఉండేది. బయట హ్యాండిల్ పట్టుకుని లాగితేనే తలుపు వచ్చేది. దాగుడుమూతలాడుతూ పిల్లలు పాత ఫ్రిజ్‌లో దూరితే తలుపు పడిపోయేది. లోపల గాలి ఆడదు, కేకవేసినా బయటికి వినపడదు. అమెరికాలో ఇలా ఎందరో పిల్లలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. మొదట్లో అందరూ చెప్పిన మాట ఒకటే: తల్లిదండ్రులు జాగ్రత్తగా ఉండాలి, పాత ఫ్రిజ్ పారేసేముందు తలుపు ఊడదీయాలి. చెప్పేవాళ్ళు చెప్తూనే ఉన్నారు, పోయే ప్రాణాలు పోతూనే ఉన్నాయి. చివరికి 1956లో అక్కడి చట్టసభ ఒక చిన్న చట్టం చేసింది. ఇకమీదట తయారయ్యే ప్రతి ఫ్రిజ్ తలుపూ లోపలి నుంచి తెరుచుకోవాలి, అంతే. 1958 చివర్లో అది అమల్లోకి వచ్చింది. గొళ్ళెం పోయి అయస్కాంతపు పట్టీ వచ్చింది.

ఆన్‌లైన్ గేముల్లో, సోషల్ మీడియాలో పిల్లల భద్రత గురించి చర్చ వచ్చినప్పుడల్లా నాకు ఆ గొళ్ళెమే గుర్తొస్తుంది. ఈ విషయంలో మనమింకా సలహాల దశ దాటలేదు మరి. ఎక్కడో ఒక ఘోరం జరుగుతుంది. నాలుగు రోజులు నిపుణులు టీవీల్లో కూర్చుని 'పిల్లల ఫోన్ మీద ఓ కన్నేసి ఉంచండి' అని చెప్పి లేచిపోతారు. ఆ కన్ను ఎవరిది? పొద్దంతా పనిచేసి అలసిపోయి వచ్చిన తల్లిది, తండ్రిది. అవతల ఉన్నదెవరు? పిల్లల్ని స్క్రీన్ ముందు ఇంకో ఐదు నిమిషాలు ఎలా కూర్చోబెట్టాలా అని జీతం తీసుకుని మరీ ఆలోచించే ఇంజినీర్లు. ఇద్దరికీ పోటీ పెట్టి, ఓడిపోయినవాళ్ళని తప్పుపడుతున్నాం.

యాప్ మొదటిసారి తెరిచినప్పుడు ఏ స్విచ్ ఆన్‌లో ఉంది, ఏది ఆఫ్‌లో ఉంది? పిల్లల భద్రత చాలామటుకు అక్కడే తేలిపోతుందని నా వాదన. డిఫాల్ట్ అంటాం కదా, అది. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి మార్చుకోవచ్చుగా అంటారు. పెద్దవాళ్ళం, మనమే మార్చం. ఫోన్ కొన్నప్పుడు ఏ రింగ్‌టోన్ ఉందో దానితోనే ఆ ఫోన్ పాడయ్యేదాకా గడిపేసేవాళ్ళం మనలో ఎంతమంది లేరు? పదకొండేళ్ల పిల్లాడు గేమ్ డౌన్‌లోడ్ అయిన ఉత్సాహంలో ప్రైవసీ మెనూ వెతుకుతాడా?

ఫోర్ట్‌నైట్ కేసు చూడండి. ఆ గేమ్ తయారుచేసిన ఎపిక్ గేమ్స్ 2022 డిసెంబర్‌లో అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో రాజీకొచ్చి మొత్తం 52 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. అందులో 27.5 కోట్లు పిల్లల ప్రైవసీ చట్టాన్ని ఉల్లంఘించినందుకు జరిమానా. మిగతా 24.5 కోట్లు జనానికి తెలియకుండా కొనిపించినవాటికి వాపసు. ఇంత పెద్ద అంకెల వెనక ఉన్నది చాలా చిన్న విషయం. గేమ్‌లో వాయిస్ చాట్, టెక్స్ట్ చాట్ డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉండేవి. ఆట మొదలవగానే పిల్లాడు ముక్కూమొహం తెలియనివాళ్ళతో ఒకే జట్టులో పడతాడు, వాళ్ళ గొంతు నేరుగా వాడి చెవిలో వినిపిస్తుంది. అడిగినవాళ్ళకే వాయిస్ చాట్ ఇద్దామని కంపెనీ ఉద్యోగులే 2017లో చెప్పారని కమిషన్ తన ఫిర్యాదులో రాసింది. కంపెనీ వినలేదు. తర్వాతెప్పుడో ఆఫ్ చేసే బటన్ పెట్టారు గానీ, అదెక్కడుందో కనుక్కోవడమే ఇంకో గేమ్.

కమిషన్ అప్పుడే పెట్టిన ఇంకో ఫిర్యాదులో కొనుగోలు బటన్ సంగతి ఉంది. నిద్రలోకి జారుకున్న గేమ్‌ని లేపబోయి ఒక్క బటన్ నొక్కినా డబ్బు కట్ అయిపోయేదట. డబ్బు పోయే తలుపు తాకితే తెరుచుకుంది. అపరిచితుడి గొంతు ఆపే తలుపు వెతికినా దొరకలేదు. కంపెనీ ఒకటే, గేమూ ఒకటే. దీన్ని పొరపాటు అనడానికి నాకు నోరు రావడం లేదు.

ఇదొక్కటే కేసైతే పోనీ అనుకుందాం. 2022 సెప్టెంబర్‌లో ఐర్లాండ్ డేటా రక్షణ కమిషన్ ఇన్‌స్టాగ్రామ్‌కి 40.5 కోట్ల యూరోల జరిమానా వేసింది. 13 నుంచి 17 ఏళ్ల పిల్లలు బిజినెస్ ఖాతా తెరిస్తే వాళ్ళ ఫోన్ నంబర్, ఈమెయిల్ అందరికీ కనపడేలా ఉన్నాయి, ఖాతాలేమో డిఫాల్ట్‌గా పబ్లిక్. మరుసటి ఏడాది అదే కమిషన్ టిక్‌టాక్‌కి 34.5 కోట్ల యూరోల జరిమానా వేసింది. 2020లో పిల్లల ఖాతాలు డిఫాల్ట్‌గా పబ్లిక్‌గా ఉండటం అక్కడా పెద్ద తప్పే. మూడు కంపెనీలు, రెండు ఖండాలు, దొరికిపోయిన చోటు మాత్రం ఒకటే.

ఇంకో ముచ్చట. బ్రిటన్‌లో పిల్లల కోసం తెచ్చిన డిజైన్ కోడ్, అంటే ఆన్‌లైన్ సేవల్ని ఎలా తయారుచేయాలో చెప్పే నియమావళి, 2021 సెప్టెంబర్‌లో పూర్తిగా అమల్లోకి వచ్చింది. పిల్లలు వాడే ఏ సేవలోనైనా ప్రైవసీ మొదటినుంచే గట్టిగా ఉండాలన్నది అందులో ముఖ్యమైన షరతు. ఆ గడువు దగ్గరపడుతుండగా కంపెనీలకు ఒక్కసారిగా పిల్లల మీద ప్రేమ పుట్టుకొచ్చింది. 16 ఏళ్ల లోపు కొత్త ఖాతాలు ఇక ప్రైవేట్ అని ఇన్‌స్టాగ్రామ్ ప్రకటించింది. 13 నుంచి 17 ఏళ్లవాళ్ళ వీడియోలు ముందు ప్రైవేట్‌గానే అప్‌లోడ్ అవుతాయని యూట్యూబ్ చెప్పింది. టీనేజర్లకు రాత్రిపూట నోటిఫికేషన్లు ఆపేస్తామంది టిక్‌టాక్. ఇవన్నీ 2021లో, కొద్ది నెలల తేడాతో. 2006 నుంచి నడుస్తున్న, పిల్లలు ఎక్కువగా ఆడే గేముల వేదిక రోబ్లాక్స్ కూడా, 13 ఏళ్ల లోపు పిల్లలకు గేమ్ బయట నేరుగా మెసేజ్‌లు పెట్టుకునే వీలును డిఫాల్ట్‌గా ఆపడానికి 2024 నవంబర్ దాకా ఆగింది. అంటే చేతకాక కాదు. కొన్ని లైన్ల కోడ్ మారిస్తే అయ్యే పనికి పద్దెనిమిదేళ్లు పట్టింది.

ఆ స్విచ్ ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే వల ఎలా పడుతుందో చూడాలి. మనం ఊహించుకునే దుర్మార్గుడు మొదటి మెసేజ్‌లోనే చెడుగా మాట్లాడతాడు. అసలువాడు అలా మాట్లాడడు. జట్టులో చేరి పిల్లాడిని గెలిపిస్తాడు. 'భలే ఆడావ్' అంటాడు, ఆ మాట ఇంట్లో ఎవరూ అనలేదు మరి. ఒక స్కిన్నో (గేమ్‌లో పాత్రకి వేసే వేషం), గేమ్ కాయిన్లో బహుమతిగా పంపుతాడు. పదిహేను రోజులకి 'ఇక్కడ చాట్ సరిగా రావట్లేదు, వేరే యాప్‌లోకి రా' అంటాడు. గేమ్ కంపెనీ నిఘా అక్కడితో సరి. తర్వాత రహస్యాలు పంచుకోవడం, తర్వాత ఒక ఫొటో. ఫొటో చేతికి చిక్కిన క్షణం నుంచి గొంతు మారిపోతుంది. డబ్బు పంపు, లేదా ఇంకో ఫొటో పంపు, లేకపోతే ఇది నీ ఫ్రెండ్స్ అందరికీ వెళ్తుంది. టీనేజ్ మగపిల్లల దగ్గర డబ్బు గుంజడానికి ముఠాలు అమ్మాయిల పేరుతో ఇదే పని చేస్తున్నాయి. అక్కడైతే పదిహేను రోజులు కూడా అక్కర్లేదు, కొన్ని గంటల్లో కథ మొత్తం అయిపోతుంది.

ఈ కథలో పిల్లాడు ఎక్కడో ఒకచోట ఇంట్లో చెప్పి ఉండాల్సింది కదా? చెప్పడు. చెప్తే ముందు జరిగేది ఫోన్ లాక్కోవడం అని వాడికి తెలుసు. వల వేసినవాడికి ఇంకా బాగా తెలుసు. 'మీవాళ్ళకి తెలిస్తే నీ ఫోన్ పోతుంది, నీ గేమ్ పోతుంది' అని వాడే గుర్తుచేస్తాడు. పిల్లల మేలుకోరి మనం పట్టుకున్న కర్రే వాడికి ఆయుధం.

ఫ్రిజ్ కథలో నన్ను వెంటాడేది చట్టం ఒక్కటే కాదు. తలుపు ఎంత బలంతో తోస్తే తెరుచుకోవాలో తేల్చడానికి ఆ రోజుల్లో పరిశోధకులు చిన్నపిల్లల్ని, ఏ ప్రమాదమూ లేకుండా కాపలా ఉంటూ, ఫ్రిజ్ లాంటి పెట్టెలో ఉంచి గమనించారు. 1958లో ఆ వివరాలు ఒక వైద్య పత్రికలో వచ్చాయి. కొందరు పిల్లలు తలుపు తోశారు. కొందరు పెద్దవాళ్ళని పిలిచారు. కొందరు ఏమీ చేయలేదు, అలాగే ఉండిపోయారు. చిక్కుకున్న పిల్లలందరూ కేకవేస్తారని మనం అనుకుంటాం. వేయరు. కేకవేయని పిల్లల కోసం కూడా తలుపు తయారవ్వాలి.

లోపలి నుంచి తెరుచుకునే తలుపు ఆన్‌లైన్‌లో ఎలా ఉంటుంది? ఒక నమూనా ఇప్పటికే ఉంది. అమెరికాలో పిల్లల రక్షణ కోసం పనిచేసే ఎన్‌సీఎంఈసీ అనే సంస్థ 2023లో 'టేక్ ఇట్ డౌన్' అనే సేవను జనంలోకి తెచ్చింది. 18 ఏళ్లు నిండకముందు తీసిన నగ్న చిత్రం బయటికి పోతుందని భయపడేవాళ్ళు పేరు చెప్పకుండానే దాన్ని వాడుకోవచ్చు. ఫొటో ఎవరికీ పంపక్కర్లేదు. ఫోన్‌లోనే దానికి ఒక డిజిటల్ వేలిముద్ర తయారవుతుంది, ఆ వేలిముద్ర మాత్రమే వెళ్తుంది. ఇందులో చేరిన కంపెనీలు దాన్ని పట్టుకుని తమ సైట్లలో ఆ చిత్రాన్ని వెతికి తీసేస్తాయి. పిల్లాడు ఎవరికీ మొహం చూపించుకోనవసరం లేదు, ఫోన్ పోతుందన్న టెన్షన్ లేదు. ఇంత ఉపయోగపడేది ప్రతి చాట్ బాక్స్ పక్కనా ఉండాలి కదా. లైక్ బటన్‌కి దొరికిన చోటు దీనికి దొరకలేదు.

పూర్తిగా నిషేధించేస్తే పోలేదా అనేవాళ్ళున్నారు. ఆస్ట్రేలియా ఆ పనే చేసింది. 2025 డిసెంబర్ 10 నుంచి అక్కడ 16 ఏళ్ల లోపువాళ్ళకి ప్రధాన సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదు, ఆపడానికి తగిన చర్యలు తీసుకోని కంపెనీకి 4.95 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల దాకా జరిమానా. బాధ్యత కంపెనీ మీద పెట్టారు, అంతవరకు మెచ్చుకోవాలి. కానీ దక్షిణ కొరియా అనుభవం మర్చిపోకూడదు. 16 ఏళ్ల లోపు పిల్లలు అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరు దాకా ఆన్‌లైన్ గేములు ఆడకూడదని 2011లో చట్టం తెచ్చారు. పిల్లలు పెద్దవాళ్ళ వివరాలతో లాగిన్ అయ్యారు, ఆటలు ఫోన్లలోకి మారిపోయాయి, పదేళ్ల తర్వాత ఆ చట్టాన్ని వాళ్ళే ఎత్తేశారు. పైగా పదహారో పుట్టినరోజు నాడు తలుపు తెరిస్తే లోపల ఉండేది అదే గొళ్ళెం ఫ్రిజ్.

ఆ మాటకొస్తే, ఈ వయసు అంకెలే నాకు నవ్వు తెప్పిస్తాయి. దాదాపు ప్రతి యాప్‌లో కనిపించే 13 పిల్లల మనసు చదివి పెట్టింది కాదు. 1998లో అమెరికా చేసిన ఒక చట్టంలోది. 13 ఏళ్ల లోపు పిల్లల సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలంది ఆ చట్టం. అనుమతి తీసుకునే బాధ ఎందుకని కంపెనీలు '13 నిండాయా?' అని అడగడం మొదలుపెట్టాయి. అవును అని నొక్కితే చాలు. పిల్లలకు ఇంటర్నెట్ నేర్పిన మొదటి పాఠం అదే: అబద్ధం చెప్పడం.

అసలు కంపెనీలకు 'అవును' అనే ఈ బటన్ ఎంత లాభసాటిగా మారిందో ఆలోచించండి. 'నిబంధనలు చదివాను, అంగీకరిస్తున్నాను.' నేను ఇంతవరకు ఏ యాప్ నిబంధనలూ చివరిదాకా చదవలేదు. మీరు చదివారా? టార్చ్‌లైట్ యాప్ కాంటాక్ట్స్ అడుగుతుంది, ఇచ్చేస్తాం. ఆ నంబర్లు ఎక్కడ తేలినా 'మీరే అనుమతిచ్చారు' అంటారు. ఖాతాలో డబ్బు మాయమైతే 'ఓటీపీ మీరే చెప్పారు' అంటారు. ఎక్కడ చూసినా ఇదే తంతు. సరుకు తయారుచేసినవాడి బాధ్యత ఒక్క నొక్కుతో వాడుకున్నవాడి నెత్తికెక్కుతుంది. కార్ల బ్రేకులు సరిగా లేవని తెలిసీ కొన్నావు కాబట్టి చావు నీదే అని ఏ కార్ల కంపెనీ అయినా అనగలదా? సాఫ్ట్‌వేర్ కంపెనీ మాత్రం రోజూ అంటోంది, మనం రోజూ ఒప్పుకుంటున్నాం.

పిల్లల దగ్గరకొచ్చేసరికి ఆ బటన్ తల్లిదండ్రుల చేతికి మారిందంతే. 2023లో వచ్చిన భారతీయ డేటా రక్షణ చట్టం 18 నిండని ప్రతివారినీ పిల్లలుగానే లెక్కగట్టి, వాళ్ళ సమాచారం వాడాలంటే ధ్రువీకరించగలిగేలా తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంది. పిల్లల మీద నిఘా పెట్టి ప్రకటనలు గురిపెట్టడాన్ని కూడా నిషేధించింది. ఈ రెండోది నికార్సైన నిబంధన, దానికి చేతులెత్తి దండం పెడతాను. మొదటిదాని మీదే నాకు అనుమానం. 1970లో మందు సీసాలకు పిల్లలు సులువుగా తీయలేని మూతలు ఉండాలని అమెరికా చట్టం తెచ్చినప్పుడు, మామూలు మూత పెట్టి పక్కన తల్లి సంతకం తీసుకోమనలేదు. ఇక్కడ తల్లి సమ్మతి తెలిపే బటన్ నొక్కుతుంది, రికార్డు భద్రంగా సర్వర్‌లో ఉంటుంది. అవతల పిల్లాడి గేమ్‌లో వాయిస్ చాట్ ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో ఆ బటన్ ఆమెకి చెప్పదు.