జత స్టిక్కరు ఉంటే బయాసు చూడక్కర్లేదా?

బరంపురం నుంచి పర్లాకిమిడి, రాయగడ దాకా చర్చి బ్యాండ్లలో గిటారు వాయించే కుర్రాళ్ల ఫోన్లలో ఒక వాయిస్ మెసేజ్ తెగ తిరుగుతోంది. "తమ్ముడూ, మ్యాచ్డ్ పెయిర్ స్టిక్కరున్న పవర్ ట్యూబులు కొను. పాతవి పీకి ఇవి పెట్టు, బయాసు గొడవే ఉండదు. ఇఎల్34 దొరక్కపోతే 6ఎల్6 వేసెయ్, సాకెట్టు ఒకటే. ట్యూబు ఎర్రబడిందా, టోన్ పండినట్టే." పవర్ ట్యూబులంటే గిటారు ఆంపులో (యాంప్లిఫయరులో) స్పీకరును నడిపే గాజు వాల్వులు; ఇఎల్34, 6ఎల్6 అందులో రకాలు. బయాసంటే ట్యూబులో కరెంటును అదుపు చేసే గ్రిడ్‌కి ఇచ్చే నెగెటివ్ వోల్టేజీ, వాయించనప్పుడు ట్యూబు ఎంత కరెంటు లాగాలో తేల్చేది అదే. మెసేజ్‌లోని మొదటి మాటలో సగం నిజముంది. మిగతా రెండూ ఆంపును తగలబెట్టే మాటలు.

ఆ సగం నిజం సంగతి ముందు చూద్దాం. వాక్స్ ఏసీ30 లాంటి కేథోడ్ బయాస్ ఆంపులో ట్యూబు తన బయాసు తనే సర్దుకుంటుంది, తిప్పడానికి స్క్రూ ఉండదు. మెసా బూగీ వాళ్లు చాలా ఆంపుల్లో బయాసును ముందే ఖాయం చేసి, దానికి సరిపడే ట్యూబులనే ఏరి అమ్ముతారు. మార్షల్ తరహా సర్దుబాటు బయాసున్న ఆంపులకు ఈ లెక్క చెల్లదు. స్టిక్కరు చెప్పేదల్లా, అమ్మినవాడి టెస్టరు మీద, వాడు పెట్టిన వోల్టేజీ దగ్గర రెండూ ఇంచుమించు సమానంగా కరెంటు లాగాయని. మీ ఆంపులో రెండూ కలిసి అతిగా తాగొచ్చు, రెండూ కలిసి పస్తులుండొచ్చు.

కొలిస్తేనే తెలుస్తుంది. ప్లేటు (ట్యూబు లోపలి బూడిదరంగు రేకు) మీద 450 వోల్టులున్నాయనుకోండి. ఇఎల్34 ప్లేటు వేడికి ఓర్చుకునే హద్దు 25 వాట్లు. వాయించకుండా ఉన్నప్పుడు అందులో 70 శాతం దాటనివ్వకూడదని మెకానిక్కుల వాడుక, అంటే 17.5 వాట్లు. 450తో భాగిస్తే సుమారు 39 మిల్లీఆంపులు. కేథోడ్ (ట్యూబులో ఎలక్ట్రాన్లు బయల్దేరే కొస) దగ్గర 1 ఓమ్ రెసిస్టరుంటే మీటరులో 39 మిల్లీవోల్టులుగా కనిపిస్తుంది. సాయంత్రం కరెంటు డల్లుగా ఉన్నప్పుడు సర్దిన బయాసును వోల్టేజీ పుంజుకున్నాక మళ్లీ చూడాలి. అయితే ఇది చదివి డబ్బా విప్పేయకండి. ప్లగ్గు పీకినా కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉండొచ్చు. చేయి తిరిగినవాడికే ఇవ్వండి.

ఇంతకీ జత ఎందుకు? పుష్‌పుల్ ఆంపులో (ట్యూబులు వంతులవారీగా లాగే రకంలో) రెండు వైపులా సమానంగా లాగితే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరులో హమ్ చాలావరకు కొట్టుకుపోతుంది. మూడు నాలుగు మిల్లీఆంపుల తేడాకు కొంపేమీ మునగదు. ఒకే ఒక్క 6వీ6 పవర్ ట్యూబు ఉండే ఫెండర్ చాంప్ ఆంపుకి కూడా 'మ్యాచ్డ్' అని అంటగట్టేవాళ్లున్నారు, దేనితో మ్యాచ్ చేస్తారో మరి!

సాకెట్టు ఒకటే అన్నది నిజమే, లోపలి కథ వేరు. 6ఎల్6కి ఇఎల్34 కంటే ఎక్కువ నెగెటివ్ బయాసు కావాలి. ఇఎల్34కి సర్దిన చోట అలాగే పెడితే అతిగా కాగుతుంది. 6ఎల్6 చోట ఇఎల్34 పెట్టినా చిక్కే. 6ఎల్6జీసీ (6ఎల్6లో ఒక రకం) హీటరు 0.9 ఆంపులు తీసుకుంటే ఇఎల్34 హీటరుకు 1.5 కావాలి, ఆ బరువు పవర్ ట్రాన్స్‌ఫార్మరు మీద పడుతుంది. పైగా ఇఎల్34లో ఒకటో పిన్ను సప్రెసర్ గ్రిడ్ అనే మరో జాలిది. దాన్ని ఎనిమిదో పిన్నుకు, అంటే కేథోడ్‌కు కలపాలి, చాలా 6ఎల్6 ఆంపుల్లో ఆ వైరింగే ఉండదు.

ఇక ఎరుపు. లోపల హీటరు నారింజ రంగులో వెలగడం మామూలే. గాజు మీద పల్చటి నీలి వెలుగుకూ భయం లేదు. బూడిదరంగు ప్లేటు రేకు మీద ఎర్ర మచ్చ లేచిందంటే మాత్రం వెంటనే స్విచ్చి ఆపాలి. బయాసు సప్లై పోయి ఉండొచ్చు, గ్రిడ్‌కి సిగ్నలు తెచ్చే కప్లింగ్ కెపాసిటరు లీకవుతుండొచ్చు, సాకెట్టులో గ్రిడ్ పిన్ను అంటకపోయి ఉండొచ్చు. ఆ లోపం తీయకుండా స్టిక్కరున్న కొత్త జత పెడితే అదీ అలాగే ఎర్రబడుతుంది.