ఐదు తలుపుల జిమ్నీ మీద వస్తున్న మాటల్లో నిజమెంత

హర్యానాలోని గురుగ్రామ్‌లో తయారై, 2025 ఏప్రిల్ నుంచి జపాన్‌లో అమ్ముతున్న ఐదు తలుపుల జీపు లాంటి బండి సుజుకి జిమ్నీ నోమాడ్ గురించి ఒక మాట బాగా షేర్ అవుతోంది. “ఇండియాలో అమ్ముడుపోని బండిని జపాన్‌కి అంటగట్టారు. పొడవు పెంచి అసలు జిమ్నీని చెడగొట్టారు. కొండకీ పనికిరాదు, ఊరికీ పనికిరాదు. దాని 4డబ్ల్యూడీ (నాలుగు చక్రాలకీ ఇంజిన్ శక్తి అందే పద్ధతి) కూడా పాతకాలంది” అని. దీనివల్ల కొనాలనుకునేవాళ్లు చూడాల్సిన లోపాలు చూడకుండా, లేని లోపాలకి భయపడుతున్నారు. అందుకే ఒక్కో మాటా తీసి చూద్దాం.

అంటగట్టారన్న మాట: ఇండియాలో అమ్మకాలు అనుకున్నంత లేవన్నది నిజం. కానీ జపాన్‌లో సుజుకి నెలకి 1,200 బళ్లు అమ్ముదామనుకుంటే, నాలుగు రోజుల్లో దాదాపు 50 వేల ఆర్డర్లు వచ్చి బుకింగే ఆపేయాల్సి వచ్చింది. ఆర్డర్లు వచ్చాయని బండి మంచిదైపోదు గానీ, ఎవరో బలవంతంగా అంటగట్టిందైతే కాదు.

పొడవు పెంచి చెడగొట్టారన్నది అసలైన వాదన. మూడు తలుపుల జిమ్నీ సియెర్రా వీల్‌బేస్ (ముందు, వెనుక చక్రాల మధ్య దూరం) 2,250 మి.మీ., నోమాడ్‌ది 2,590. అంటే 340 మి.మీ. ఎక్కువ. ఇందులో కొత్తేమీ లేదు. మన పోలీసులు, ఫారెస్టు వాళ్లు, సైన్యం ఏళ్ల తరబడి వాడిన జిప్సీ కూడా అప్పటి జిమ్నీకి పొడవాటి రూపమే. పొట్టి బండి వీల్‌బేస్ 2,030 అయితే జిప్సీది 2,375. జిప్సీ కొండెక్కలేదని ఎవరైనా అన్నారా?

పొడవు వల్ల పోయేది ఏమిటంటే, ముందు చక్రాలకీ వెనుక చక్రాలకీ మధ్య బండి పొట్ట గట్టుకి తగలకుండా దాటే కోణం. సియెర్రాకి 28 డిగ్రీలు, నోమాడ్‌కి 25. నిటారుగా లేచి వెంటనే దిగిపోయే గట్ల మీద ఈ తేడా తెలుస్తుంది. మిగతావి ఎక్కడికీ పోలేదు: 210 మి.మీ. గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకీ బండి అడుగుకీ మధ్య ఎత్తు), గట్టు ఎక్కేటప్పుడు బంపర్ తగలకుండా ముందు 36 డిగ్రీల కోణం, దిగేటప్పుడు వెనుక 47, నిచ్చెన లాంటి గట్టి లాడర్ ఫ్రేమ్, ముందూ వెనుకా రిజిడ్ యాక్సిల్ (రెండు చక్రాల్నీ కలిపే ఒకే గట్టి ఇరుసు), నెమ్మదిగా ఎక్కువ బలంతో లాగే లో రేంజ్ గేర్ అన్నీ అలాగే ఉన్నాయి. పైగా వీల్‌బేస్ పెరిగితే గతుకుల్లో బండి ముందుకీ వెనక్కీ ఊగడం తగ్గుతుంది.

నన్నడిగితే అడవిదారిలో అసలు నష్టం బండి తిరిగే చోటులో ఉంది. కనీస టర్నింగ్ రేడియస్ 4.9 మీటర్ల నుంచి 5.7కి పెరిగింది. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ ఉన్న సన్నదారిలో వెనక్కి మళ్లాలంటే రెండుమూడుసార్లు ఎక్కువ ముందుకీ వెనక్కీ నడపాలి. షేర్ అవుతున్న మెసేజ్‌లో ఈ సంగతి ఊసే లేదు.

ఊరి సంగతికొస్తే, వెడల్పు 1,645 మి.మీ., పొడవు నాలుగు మీటర్ల లోపు. ఇరుకు సందులకి ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా ఎత్తుతోనే: 1,725 మి.మీ. టోక్యో లాంటి ఊళ్లలో కార్లని లిఫ్టులో ఎత్తి పెట్టే పార్కింగ్‌లు చాలావాటికి 1,550 మి.మీ. దాటితే ప్రవేశం లేదు. జపాన్‌లో కారు కొనేటప్పుడు పార్కింగ్ చోటు చూపించాలి కాబట్టి, డబ్బు కట్టకముందే మీ బిల్డింగ్‌లో ఎత్తు కొలుచుకోండి.

ఇక పాతకాలం 4డబ్ల్యూడీ అన్నదానికి: కావాల్సినప్పుడే నాలుగు చక్రాలకీ శక్తి ఇచ్చే పార్ట్ టైమ్ పద్ధతి ఇది. ముందు, వెనుక చక్రాలు వేరువేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ మధ్యలో ఉండదు. లివర్‌తో 4హెచ్ (నాలుగు చక్రాలకీ శక్తి, మామూలు వేగం) వేస్తే ముందు, వెనుక యాక్సిళ్లు ఒకే వేగంతో తిరుగుతాయి. మంచులో, బురదలో కావాల్సింది అదే. కానీ పొడి తారురోడ్డు మీద మలుపు తిప్పితే ముందు, వెనుక చక్రాలు తిరగాల్సిన దూరం వేరు కాబట్టి గేర్లు బిగుసుకుంటాయి, బండి ఆగిపోతున్నట్టు లాగుతుంది. అందుకే ఊళ్లో 2హెచ్‌లోనే (రెండు చక్రాలకే శక్తి) నడపాలి. 4హెచ్‌కి మారడానికి తిన్నగా వెళ్తున్నప్పుడు గంటకి 100 కి.మీ. లోపు ఉంటే చాలు, ఆగక్కర్లేదు. 4ఎల్‌కి (నాలుగు చక్రాలకీ లో రేంజ్) మాత్రం ఆగాలి.

కాసేపు మంచు, కాసేపు పొడిగా ఉండే రోడ్లలో ఆ లివర్‌తో టెన్షన్ పడేవాళ్లకి ఎప్పుడూ నాలుగు చక్రాలకీ శక్తి అందే ఫుల్ టైమ్ బండే నయం. రోజూ ఎక్స్‌ప్రెస్‌వే మీద దూరాలు వెళ్లేవాళ్లకీ నోమాడ్ చెప్పను. ఆటోమేటిక్‌కి ఉన్నవి నాలుగు గేర్లే, ఇంజిన్ మోత వింటూ పోవాలి.