పారో మైదానంలో ముందు వరుస ఎవరిది?

భూటాన్ వెళ్లొచ్చానని చెబితే చాలు, మనవాళ్లు ముందు అడిగేది డబ్బు సంగతే. ‘రాత్రికి మనిషికి 1,200 కట్టాలటగా, దేనికది?’ నలుగురు పెద్దవాళ్లు ఆరు రాత్రులుంటే 28,800 రూపాయలు. అందులో హోటల్ గది రాదు, భోజనం రాదు, కారు రాదు. ఆ దేశంలో నిద్ర చేసినందుకు కట్టే సొమ్ము అది. మధ్యతరగతి కుటుంబానికి అదేమీ చిన్న మొత్తం కాదు కాబట్టి ఆ ప్రశ్నలో తప్పేం లేదు. కానీ అక్కడి పారో పట్టణంలో పండగ రోజులు గడిపి వచ్చాక నా అభిప్రాయం గట్టిపడింది. ఆ రుసుము న్యాయమైనదే. కాకపోతే అది కాపాడగలిగింది కొంతే, కాపాడలేనిది చాలా ఉంది.

ముందు లెక్క సంగతి. భూటాన్ 1974లో విదేశీ పర్యాటకులకు తలుపు తీసింది. తీసిన రోజు నుంచీ ఒకటే పట్టుదల: తక్కువమంది రావాలి, వచ్చినవాళ్ల వల్ల దేశానికి గట్టిగా ఆదాయం రావాలి. భారత్, బంగ్లాదేశ్, మాల్దీవుల వాళ్లకు మాత్రం ఈ భారం లేకుండా చాలా ఏళ్లు వదిలేశారు. 2019 వచ్చేసరికి ఏడాదికి వచ్చేవాళ్లు 3 లక్షలు దాటారు. అందులో మనవాళ్లే 2 లక్షల పైచిలుకు. దేశం మొత్తం జనాభా 8 లక్షల లోపు అని గుర్తుంచుకుంటే, ఆ సంఖ్య ఎంత బరువో అర్థమవుతుంది. 2020లో చట్టం చేసి మనకూ రాత్రికి 1,200 పెట్టారు. ఆ వెంటనే కరోనా వచ్చి సరిహద్దులు మూతపడ్డాయి. 2022 సెప్టెంబర్ 23న మళ్లీ తెరిచినప్పుడు మిగతా దేశాల వాళ్లకు రాత్రికి 200 డాలర్లు చేశారు. ఏడాది తిరక్కుండానే హోటళ్లు, గైడ్లు విలవిల్లాడారు. 2023 సెప్టెంబర్‌లో దాన్ని 100 డాలర్లకు దించారు, 2027 ఆగస్టు దాకా అదే అమలు అన్నారు. మనకు మాత్రం అప్పుడూ ఇప్పుడూ 1,200లే. అంటే మన పక్కన కూర్చున్న జర్మన్ దంపతులు కట్టేదాంట్లో మనం కడుతున్నది ఏడెనిమిదో వంతు.

ఈ డబ్బుతో ఏం కాపాడుతున్నారో తెలియాలంటే త్సేచు చూడాలి. ‘త్సే’ అంటే తేదీ, ‘చు’ అంటే పది. చాంద్రమానంలో పదో రోజు, మన మాటలో దశమి. హిమాలయాలకు వజ్రయాన బౌద్ధాన్ని తీసుకెళ్లిన ఎనిమిదో శతాబ్దపు గురువు పద్మసంభవుడి పేరిట చేసే పండగ ఇది. ఆయన్ని అక్కడ గురు రిన్‌పోచే అంటారు. ఒక్కో జిల్లాకు ఒక్కో నెల. పునాఖాలో ఫిబ్రవరి, మార్చి నెలల్లో, పారోలో వసంతంలో, రాజధాని థింపూలో సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో. థింపూ త్సేచు కొన్నేళ్లు సరిగ్గా మన దసరా రోజుల్లోనే పడుతుంది. కాబట్టి సెలవులు చూసుకుని వెళ్లే మనవాళ్లకు తగిలేది ఎక్కువగా అదే.

పారోలో పండగ జరిగేది రిన్‌పుంగ్ జోంగ్ దగ్గర. జోంగ్ అంటే కోట, మఠం, జిల్లా కచేరీ మూడూ కలిసిన కట్టడం. పదిహేడో శతాబ్దంలో దేశాన్ని ఒక్క పాలన కిందకు తెచ్చిన షబ్‌డ్రుంగ్ ఙవాంగ్ నమ్‌గ్యాల్ కాలం నాటిది. గోడలు లోపలికి వాలుగా, తెల్లగా, పైన ఎర్రటి పట్టీతో ఉంటాయి. ఇప్పటికీ అక్కడ ఒక వైపు సన్యాసులు చదువుకుంటుంటే ఇంకో వైపు ఫైళ్లు కదులుతుంటాయి. ఆ వాడుకే నాకు ముఖ్యంగా కనిపించింది. మ్యూజియంగా మార్చి తాళం వేసిన కోట కాదది, రోజూ జనం పని మీద వచ్చిపోయే చోటు.

చివరి రోజు తెల్లవారుజామున చీకటి ఉండగానే తోంగ్‌డ్రోల్ దించుతారు. నాలుగైదు అంతస్తుల భవనం ముందుభాగాన్ని పూర్తిగా కప్పేసేంత పటం. రంగు పట్టుగుడ్డలు కత్తిరించి ఒకదానిపై ఒకటి కుట్టి చేసింది. మధ్యలో గురు పద్మసంభవుడు. ‘తోంగ్’ అంటే చూడటం, ‘డ్రోల్’ అంటే విడుదల. దాన్ని కళ్లారా చూస్తే చాలు, పాపం పోతుందని నమ్మకం. తెలుగువాళ్లకు ఈ మాట కొత్తది కాదు. శ్రీశైల శిఖరం చూస్తే మరుజన్మ లేదని విని, శిఖరేశ్వరం దగ్గర నంది కొమ్ముల మధ్య నుంచి కళ్లు చిట్లించుకుని చూసినవాళ్లమే మనం. చూపే పుణ్యం అనే నమ్మకం ఇక్కడా ఉంది, అక్కడా ఉంది. అందుకే ఆ చలిలో, వెన్నదీపాల వాసనలో, వేలమంది మౌనంగా వరుస కట్టి ఆ పటం అంచుకు నుదురు ఆనిస్తుంటే నాకు వింత అనిపించలేదు. ఎండ దాని మీద పడకముందే దించి మడిచేస్తారు. మళ్లీ ఏడాది దాకా కనిపించదు.

నన్ను ఎక్కువగా కట్టిపడేసింది మాత్రం రక్షా మంగ్‌చమ్. చనిపోయినవాళ్లకు తీర్పు చెప్పే నాట్యం. జంతువుల ముఖాలున్న కొయ్య ముసుగులతో యమభటులు వస్తారు. ఎద్దు తలవాడు వాళ్లకు పెద్ద. కోతి తలవాడి చేతిలో త్రాసు. ఆ తర్వాత షింజే వస్తాడు. అంటే యముడు. మనిషంత మనిషి కాదు, నలుగురు మోయాల్సినంత పెద్ద బొమ్మ. నల్లబట్టల్లో ఒక పాపి వణుకుతూ పరుగెడతాడు, వీపున మాంసం బుట్ట. ఒక తెల్లటి దేవుడు అతని తరఫున వాదిస్తాడు, నల్లటి భూతం కాదంటుంది. చివరికి వాడిని నల్లగుడ్డ పరిచిన దారిలో ఈడ్చుకుపోతారు. ఆ తర్వాత పుణ్యాత్ముడు వస్తాడు, అతనికి తెల్లగుడ్డ దారి. చిత్రగుప్తుడి చిట్టా కథలు వింటూ పెరిగినవాళ్లకు దీన్ని ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

అయితే దీని వెనక ఒక ఉద్దేశం ఉంది, మనం పట్టించుకోవాల్సింది అదే. మనిషి చనిపోయాక మధ్యలో ఒక స్థితి ఉంటుందని, అక్కడ ఈ భయంకర రూపాలు ఎదురవుతాయని వాళ్ల నమ్మకం. బతికుండగా ఏటా వీటిని చూసినవాడు అప్పుడు గుర్తుపడతాడు, భయపడడు. కాబట్టి అక్కడ కూర్చున్న రైతుకు అది వినోదం ఒక్కటే కాదు, చావుకు ముందస్తు సాధన. గంటల తరబడి సాగుతుంది. ఒకే అడుగు, ఒకే తాళం, మళ్లీ మళ్లీ. టూర్ ప్యాకేజీలో దీనికి కేటాయించేది సాధారణంగా ఒక పూట. అరగంట ఫొటోలు తీసుకుని, ‘స్లోగా ఉంది’ అంటూ లేచి కొండ మీది టైగర్స్ నెస్ట్ మఠానికి ఎక్కడానికి వెళ్లిపోయేవాళ్లను చూస్తే నాకు బాధేసింది. ఆ నిదానమే దాని ప్రాణం. పాపి భయం కూర్చున్నవాడి ఒంట్లోకి దిగడానికి అంతసేపు పడుతుంది.

ముందు వరుస మాటకొస్తాను. పొద్దున్నే చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం చాపలు, వెదురు బుట్టలు పట్టుకుని వచ్చారు. ఆ బుట్టల్ని బంగ్‌చుంగ్ అంటారు. అందులో ఎర్రబియ్యం అన్నం, పచ్చిమిరపకాయలు చీజ్‌తో వండిన ఎమా దత్సి. పిల్లలు ముందు, ముసలమ్మలు వాళ్ల వెనక. పది గంటలకల్లా పెద్దపెద్ద కెమెరాలతో ఒక గుంపు వచ్చి వాళ్ల ముందు నిలబడింది. వాళ్లలో మన దేశం వాళ్లూ ఉన్నారు. వెనక ఉన్న ఒక ముసలామె మెడ అటూ ఇటూ తిప్పి చూసింది. ఏమీ అనలేదు, జపమాల తిప్పుకుంటూ కూర్చుంది. అప్పుడొచ్చాడు అత్సర. పొడుగు ముక్కు ఎర్ర ముసుగు వేసుకుని ఆటకు ఆటకు మధ్య నవ్వించే మనిషి. మన తోలుబొమ్మలాటలో కేతిగాడి లాంటివాడు. ఎంత బూతు జోకైనా వేస్తాడు, పెద్ద సన్యాసిని కూడా ఆటపట్టిస్తాడు. అత్సర అనే మాట సంస్కృతంలోని ఆచార్య నుంచి వచ్చిందంటారు. ఆ మాటకు తగ్గట్టే నాట్యగాడి ముసుగు జారితే సర్దేదీ, జనాన్ని అదుపులో పెట్టేదీ అతనే. ఆ గుంపు దగ్గరకొచ్చి, ఒకాయన భుజం మీద చేయి వేసి, తనూ ఫొటో తీస్తున్నట్టు నటించి, ఆ మనిషిని అలాగే పట్టుకుని కింద కూర్చోబెట్టాడు. మిగతావాళ్లూ నవ్వుతూ కూర్చున్నారు. ముసలామెకు మైదానం కనిపించింది.

ఆ రోజు అతను ఆ పని నాలుగైదుసార్లు చేయాల్సొచ్చింది. రుసుము లేకపోతే ఎన్నిసార్లు చేయాల్సొచ్చేదో ఊహించుకోవచ్చు. 2019లో మన దేశం నుంచి వెళ్లిన ఒక బైకర్ దోచులా కనుమలో చోర్టెన్, అంటే బౌద్ధ స్తూపం, మీదకెక్కి ఫొటో దిగాడు. అక్కడున్న 108 చోర్టెన్లు 2003లో దక్షిణ సరిహద్దులో జరిగిన పోరులో ప్రాణాలు పోయినవాళ్ల స్మారకం. మన ఊళ్లో అమరవీరుల స్తూపం ఎక్కి ఎవరైనా కాళ్లు ఊపితే ఊరుకుంటామా? ఆ బైకర్ క్షమాపణ చెప్పాడు. కానీ ఆ ఫొటో అక్కడివాళ్ల మనసులో ఉండిపోయింది. మర్నాడే రుసుము పెట్టారని నేను అనను. పెట్టినప్పుడు మాత్రం అక్కడ చాలామందికి కారణం అడగాల్సిన అవసరం రాలేదు.

ఇంత మెచ్చుకున్నాక ఒక సంగతి దాటేస్తే అది నిజాయితీ కాదు. పండగలో అందరూ వేసుకునే దుస్తులు, మగవాళ్ల గో, ఆడవాళ్ల కిరా, చూడ్డానికి కన్నులపండువే. మన మహిళలు అద్దెకు తీసుకుని మరీ ఫొటోలు దిగుతారు. ఇదే దుస్తుల్ని 1989లో దేశమంతటా తప్పనిసరి చేసినప్పుడు దక్షిణాన ఉన్న నేపాలీ భాషవాళ్ల మీద అది బలవంతంగా పడింది. పౌరసత్వ చట్టాలు, జనగణన దానికి తోడయ్యాయి. తొంభైల మొదట్లో సుమారు లక్షమంది దేశం విడిచి నేపాల్ శిబిరాల్లో తలదాచుకున్నారు. చాలామందికి ఆ తర్వాత అమెరికాయే గూడైంది. దేశ ప్రగతిని ఆనందంతో కొలిచే ‘స్థూల జాతీయ ఆనందం’ గురించి గైడ్ ఎంతో ప్రేమగా చెబుతాడు. ఈ కథ చెప్పడు, చెప్పమని అడిగితే ఇబ్బంది పడతాడు. సంస్కృతిని కాపాడటం అనే మాటలో ఎవరి సంస్కృతి అనే ప్రశ్న ఎప్పుడూ దాగి ఉంటుంది. భూటాన్‌ను ఇష్టపడేవాళ్లే ఆ ప్రశ్న అడగాలి.

ఇక రుసుము కాపాడలేనిది. బయటి నుంచి వచ్చేవాళ్లను గేటు దగ్గర లెక్కపెట్టొచ్చు, లోపలి నుంచి వెళ్లేవాళ్లను ఎలా ఆపుతారు? ఇటీవలి సంవత్సరాల్లో భూటాన్ యువత వేల సంఖ్యలో ఆస్ట్రేలియా బాట పట్టింది. టీచర్లు, నర్సులు, ప్రభుత్వ ఉద్యోగులు. ముసుగు నాట్యాలు ఆడేది సన్యాసులు మాత్రమే కాదు, ఊళ్లో మామూలు మగవాళ్లూ ఆడతారు. వారాల తరబడి సాధన చేయాలి. ఆ వయసు కుర్రాళ్లు పెర్త్‌లో షిఫ్టులు చేస్తుంటే మైదానంలో అడుగు వేసేదెవరు? ఆదివారం కూడా తలుపులన్నీ తాళాలతో ఉన్న మన పల్లెలు తెలిసినవాళ్లకు ఈ దిగులు వేరే చెప్పక్కర్లేదు. పర్యాటకుల డబ్బుతో ఉచిత వైద్యం, చదువు నడపొచ్చు. ఆ చదువు పూర్తయిన పిల్లవాడికి పారోలోనే ఉండేంత జీతం ఇప్పించడం వేరే పని. దక్షిణాన గెలెఫూలో కొత్త నగరం కడతామని 2023 డిసెంబర్‌లో రాజు ప్రకటించడం వెనక ఉన్న ఆరాటం ఇదే అనుకుంటున్నాను.

తోంగ్‌డ్రోల్ దించిన ఆ తెల్లవారుజామున నా పక్కన ఒక ఆంగే నిలబడింది. ఆంగే అంటే అక్కడ అమ్మమ్మ. పటం అంచుకు నుదురు ఆనించి వెనక్కి వచ్చి, కిరా మడతలోంచి ఫోన్ తీసింది. నాకు చప్పున చిరాకేసింది, ఇక్కడ కూడానా అని. ఆమె ఫొటో తీయలేదు. మనవరాలి చేత వీడియో కాల్ కలిపించింది. తెర మీద పాతికేళ్ల కుర్రాడు, వెనక గోడకు వేలాడుతున్న యూనిఫాం. పెర్త్ అని మనవరాలు హిందీలో చెప్పింది. ఇక్కడ ఆరైతే అక్కడ ఎనిమిది, డ్యూటీకి వెళ్లే ముందు అతను ఆగాడు. ఆంగే రెండు చేతులతో ఫోన్ తల పైకెత్తి పటం వైపు తిప్పింది. చేతులు వణుకుతున్నాయి. మనవరాలు సాయం పట్టబోతే వద్దంది. పైన కప్పు అంచు మీద వెలుతురు పడుతోంది, సన్యాసులు తాళ్లు సర్దుతున్నారు. చూశానని అటు నుంచి కుర్రాడు చెప్పేదాకా ఆమె చేతులు దించలేదు.