పెద్దవాళ్లని కూర్చోబెట్టి చూసుకోవడం గురించి నా గొడవ

"మా అమ్మని కాలు కింద పెట్టనివ్వం", "నాన్నగారిని కుర్చీలోంచి లేవనివ్వం, అన్నీ చేతికే అందిస్తాం" అని పెళ్లిళ్లలోనూ పేరంటాల్లోనూ గొప్పగా చెప్పుకునేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండిపోతుంది. వాళ్లకి ప్రేమ లేదని ఎలా అంటాను? ఆ ప్రేమే పెద్దవాళ్లని మంచాన పడేస్తోందని నా బాధ. రాజోలు నుంచి భీమవరం దాకా ఏ ఊరెళ్లినా ఇదే వరస. పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటారు, నెలనెలా డబ్బు పంపిస్తారు. ఇంట్లో వంటమనిషి, అటెండర్, కమోడ్ కుర్చీ, టీవీ రిమోటు. పెద్దావిడకి ఇక లేవాల్సిన అవసరమే ఉండదు.

నేను ఇంటర్ పిల్లలకి జువాలజీ చెబుతాను. కండరాల పాఠం నీట్‌కి ముఖ్యం కాబట్టి ఏ బ్యాండ్, ఐ బ్యాండ్, జెడ్ లైన్ అన్నీ కళ్లు మూసుకుని బొమ్మ వేసేస్తారు. అదే పిల్లాడు ఇంటికెళ్లాక వాళ్ల నాయనమ్మ మంచినీళ్ల కోసం లేవబోతే "నువ్వు కూర్చో నాయనమ్మా, నేను తెస్తా" అంటాడు. బంగారంలాంటి పిల్లాడే, మార్కులూ వస్తాయి. పాఠం మాత్రం బుర్రకెక్కలేదు.

ఒంట్లో కండరాలు మూడు రకాలు. గుండె కండరం రోజుకి లక్షసార్లు కొట్టుకుంటుంది, మనల్ని అడగదు. పేగుల్లో, రక్తనాళాల గోడల్లో, గర్భసంచిలో ఉండే నునుపు కండరాలూ అంతే, వాటి పని అవి చూసుకుంటాయి. ఆ రెండింటితో ఇవాళ నాకు పేచీ లేదు. నా గోలంతా మూడో రకం గురించి, అంటే ఎముకల్ని పట్టుకుని మన మాట వినే ఆరువందల పైచిలుకు కండరాల గురించి. వయసులో ఉన్న మగవాళ్ల బరువులో ఇవే 40 శాతానికి దగ్గర, ఆడవాళ్లలో 30 శాతం పైన.

ఒక్కో కండరంలో వేలకొద్దీ పొడవాటి కణాలుంటాయి. మందం వెంట్రుకంత, కొన్నిచోట్ల అంతకన్నా తక్కువ. పొడవు మాత్రం కొన్ని కండరాల్లో 10 సెంటీమీటర్లు కూడా దాటుతుంది. ఒక్క కణంలో వందలాది కేంద్రకాలు. దాని లోపల ఇంకా సన్నటి పోగులు, ఆ పోగుల్లో వరసగా సార్కోమియర్లనే చిన్న చిన్న గదులు, ఒక్కోటీ మిల్లీమీటరులో సుమారు 400వ వంతు. అందులో లావు తంతువు మయోసిన్, సన్నది యాక్టిన్. కండరం బిగిసినప్పుడు ఈ రెండూ పొట్టివైపోవు, ఒకదాని మీదుగా ఇంకోటి జారతాయి. 1954లో రెండు బృందాలు ఈ సంగతిని ఒకే పత్రికలో, ఒకే సంచికలో చెప్పాయి. రెండింటిలోనూ ఒక హక్స్‌లీ ఉన్నాడు, ఇద్దరికీ చుట్టరికం లేదు. ఈ ముక్క చెప్పగానే క్లాసులో నిద్రపోయేవాళ్లు కూడా లేస్తారు.

గోదావరి పాయల్లో గెడ వేసి పడవ తోయడం చూసినవాళ్లకి ఆ జారడం ఎలాగో వేరే చెప్పక్కర్లేదు. గెడ అడుగుకి ఆనించాలి, తొయ్యాలి, పీకాలి, మళ్లీ వెయ్యాలి. మయోసిన్ తంతువు నుంచి పక్కకి పొడుచుకొచ్చిన తలలు కూడా యాక్టిన్‌ని పట్టుకుని లాగుతాయి, వదిలేసి ఇంకాస్త ముందు పట్టుకుంటాయి. నరం నుంచి కబురొస్తే కణం లోపల కాల్షియం విడుదలై పట్టుకోవడానికి చోటు తెరుస్తుంది. ఇక్కడ తమాషా ఏమిటంటే, కణానికి ఇంధనంలాంటి ఏటీపీ అణువు వచ్చి అంటుకుంటే తప్ప ఆ తల పట్టు విడవదు. మనిషి పోయిన కొన్ని గంటలకి ఒళ్లు బిగుసుకుపోయేది అందుకే. గెడ బురదలో దిగబడిపోయింది, పీకడానికి ఏటీపీ లేదు.

ఆ ఏటీపీ పేరు వినగానే మన గోదావరి జిల్లాలవాళ్లు కాస్త కాలరెగరేసుకోవచ్చు. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో పుట్టింది భీమవరంలోనే. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ (ఖర్చైన ఏటీపీని చిటికెలో మళ్లీ నింపే పదార్థం) ఉందని చూపించారు, 1929లో ఏటీపీని వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఆ పని చేశాడు. కండరాన్ని నడిపేది లాక్టిక్ ఆమ్లమేనని అప్పటిదాకా నమ్మకం. ఆ దారిలో పనిచేసిన శాస్త్రవేత్తలు హిల్, మేయర్‌హాఫ్‌లకి 1922 నోబెల్ కూడా వచ్చింది. ఫాస్ఫోక్రియాటిన్ దొరికాక లెక్క మారిపోయింది. ఇవాళ అదే భీమవరంలో జిమ్‌కెళ్లే కుర్రాళ్లు డబ్బాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌కి ముడిసరుకైన క్రియాటిన్ కొంటున్నారు. మీరు పరుగు అందుకున్న మొదటి కొన్ని సెకన్లని నడిపేది ఎక్కువగా ఆ ఫాస్ఫోక్రియాటినేనని, దాన్ని కనిపెట్టినాయన మీ ఊళ్లో పుట్టాడని ఎవరైనా చెప్పారా నాన్నా? క్రియాటిన్‌ని తప్పుబట్టను, బాగా పరిశోధించిన పదార్థమే. అద్దంలో కనిపిస్తాయి కదా అని ఛాతీకీ చేతులకీ మాత్రమే పని చెప్పి, కాళ్లని గాలికొదిలేసేవాళ్లని చూస్తే మాత్రం నవ్వొస్తుంది.

కాళ్ల సంగతికే వస్తున్నాను. ఈసారి శీలావతి చేపో బొచ్చె చేపో కోయించేటప్పుడు ముక్క వంక కాస్త చూడండి. కండంతా తెల్లగా ఉంటుంది, తోలు కింద పక్క గీత వెంబడి మాత్రం ముదురు ఎరుపు పట్టీ ఒకటి కనిపిస్తుంది. చేప రోజంతా నింపాదిగా ఈదేది ఆ ఎర్ర కండతో. వలకి దొరక్కుండా ఒక్క ఉదుటున తప్పించుకునేది తెల్ల కండతో. మనలో ఈ రెండు రకాల కణాలూ ఒకే కండరంలో కలిసి ఉంటాయి. నింపాది రకం అలసిపోకుండా నిలబెడుతుంది, నడిపిస్తుంది. ఉదుటు రకం వానాకాలంలో పాచి పట్టిన మెట్టు మీద కాలు జారినప్పుడు క్షణంలో ఒళ్లు నిలదొక్కుకునేలా చేస్తుంది. వయసుతో ముందుగా చిక్కిపోయేది ఈ ఉదుటు రకమే. అందుకే 70 దాటినవాళ్లు నిక్షేపంగా నడుస్తూనే ఉంటారు, ఒకరోజు బాత్‌రూమ్‌లో పడి తుంటి విరగ్గొట్టుకుంటారు. "ఎలా పడిందో ఏమో, ఖర్మ" అంటారు ఇంట్లోవాళ్లు.

ఇక రెస్టు. మా మేనత్త కాలవ నుంచి బిందెలు మోసిన మనిషి, గునపం పాతి కొబ్బరికాయలు ఒలిచిన మనిషి. ఆ మధ్య జ్వరం వచ్చి ఆసుపత్రిలో ఉంది. ఇంటికి పంపేటప్పుడు ఎవరో "బెడ్ రెస్ట్" అన్నారట, ఎన్నాళ్లో చెప్పలేదు. ఇంట్లోవాళ్లు అదే పట్టుకున్నారు. మొన్న చూడ్డానికి వెళ్లాను. నన్ను చూసి ప్లాస్టిక్ కుర్చీలోంచి లేవబోయింది. ముందు అంచుకి జరిగింది, రెండు చేతులూ కుర్చీ చేతుల మీద ఆనించింది, ఒళ్లు ముందుకీ వెనక్కీ ఊపింది, మోచేతులు వణుకుతుంటే సగం దాకా లేచి దబ్బున కూలబడింది. అటెండర్ అమ్మాయి పరుగున వచ్చి చంకల కింద చేతులు వేసి లేపేసింది. మా మేనత్త తొడ కండరాలు చెయ్యాల్సిన పని ఆ అమ్మాయి చేసింది. రోజూ ఆ అమ్మాయే చేస్తోంది.

బావకి ఫోన్ చేస్తే "అన్నీ మంచం దగ్గరికే అందిస్తున్నాం బావా, ఇంకేం చెయ్యమంటావు?" అన్నాడు. "అందించడం మానెయ్ బావా" అన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

నా మాట నమ్మొద్దు, 2007లో అమెరికాలో వెలువడిన పరిశోధన చూడండి. ఆరోగ్యంగా ఉన్న, సగటున 67 ఏళ్ల మనుషుల్ని 10 రోజులు మంచం మీదే ఉంచారు. జబ్బు లేదు, తిండికి లోటు లేదు. అయినా ఒక్క కాళ్లలోనే దాదాపు ఒక కిలో కండ కరిగిపోయింది. ఇంకోటి 1990లో వెలువడింది. బోస్టన్ దగ్గర వృద్ధాశ్రమంలో 90 ఏళ్లకి అటూ ఇటూగా ఉన్న పదిమందితో 8 వారాలు కాళ్లతో బరువులు ఎత్తించారు. పూర్తి చేసినవాళ్ల కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. ఇద్దరు చేతికర్ర వదిలేశారు. తొంభై ఏళ్లకి! మనం అరవై దాటగానే "ఈ వయసులో ఇంకా ఎందుకండీ" అంటాం.

ఇంత చెప్పినా నూటికి తొంభై ఇళ్లలో చేసేది ఒకటే. నీరసంగా ఉందనగానే సెలైన్ ఎక్కించడం. 5 శాతం గ్లూకోజ్ ఉన్న అర లీటరు సీసాలో ఉండేది 25 గ్రాముల గ్లూకోజ్, అంటే అయిదారు చెంచాల పంచదారంత. ఒంట్లో నీరు తగ్గినప్పుడు సెలైన్ ప్రాణం నిలబెడుతుంది, కాదనను. కండ తగ్గి కాళ్లు లాగుతుంటే మాత్రం ఆ సీసా చేసేదేమీ లేదు, పైగా ఆ పూటంతా మళ్లీ పడుకోబెట్టినట్టు. తిండి సంగతి సరేసరి. పళ్లు లేవని జావ, మజ్జిగన్నం. పులుసులో ముక్కలన్నీ కుర్రాళ్ల కంచాల్లోకి. నిజానికి వయసు మళ్లినవాళ్లకే మాంసకృత్తులు ఎక్కువ కావాలి. కిడ్నీ జబ్బు లేనివాళ్లకి కిలో బరువుకి రోజుకి 1 నుంచి 1.2 గ్రాములన్నది ఈ రంగం నిపుణుల మాట. గుడ్డులో 6 గ్రాములుంటాయి. ముల్లు తీసిన చేప మెత్తగానే ఉంటుంది కదండీ, ఇన్ని చెరువులు పెట్టుకుని పెద్దావిడకి జావ పోస్తామా?

షుగరున్న ఇళ్లైతే ఇంకా జాగ్రత్తగా వినాలి. అన్నం తిన్నాక రక్తంలోకి వచ్చిన గ్లూకోజ్‌లో పెద్ద భాగాన్ని తీసుకునేది కండరాలే. పని చేసే కండరం ఇన్సులిన్ సాయం లేకుండా కూడా గ్లూకోజ్‌ని లోపలికి లాక్కుంటుంది. భోజనం అవగానే నడుం వాల్చేబదులు వరండాలో కాసేపు అటూ ఇటూ తిరగమనేది అందుకే.

"మోకాళ్ల నొప్పులండీ, ఎలా లేస్తారు?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అయితే మోకాలి అరుగుదల ఉన్నవాళ్లకి డాక్టర్లు ముందు చెప్పే వైద్యాల్లో తొడ కండరం బలపరచడం ఒకటి. ఆ కండ సన్నబడేకొద్దీ కీలుకి దన్ను తగ్గి నొప్పి ఇంకా పెరుగుతుంది. నేల మీద పీట వేసుకుని తినేటప్పుడు, ముక్కాలిపీట మీద కూర్చుని కొబ్బరి కోరేటప్పుడు రోజుకి ఎన్నిసార్లు లేచి కూర్చునేవాళ్లో తెలీకుండానే కాళ్లకి పని దొరికేది. డైనింగ్ టేబుల్, కమోడ్, మిక్సీ వచ్చాయి, మంచిదే, వాటిని పారెయ్యమని అనను. పోయిన పనిని ఇంకో దారిలో పెట్టాలి. ఎత్తైన కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, కిటికీ ఊచలు పట్టుకుని మునివేళ్ల మీద లేవడం, అలవాటయ్యేకొద్దీ కుర్చీ ఎత్తు తగ్గించుకోవడం. గుండె జబ్బున్నవాళ్లు, ఆపరేషన్ అయినవాళ్లు డాక్టర్ని అడిగి మొదలెట్టండి. "రెస్ట్" అని రాస్తే మాత్రం "ఎన్ని రోజులండీ? ఆ తర్వాత ఏం చేయించాలి?" అని అక్కడే నిలబడి అడగండి.

చివరగా జిమ్‌లు నడిపేవాళ్లకి ఒక మాట. మన టౌన్లలో పొద్దున్న పది దాటాక సాయంత్రం దాకా మీ హాలు ఖాళీగానే ఉంటోంది, ఏసీ ఆపేసి కూర్చుంటున్నారు. ఆ వేళ 60 దాటినవాళ్లకి తక్కువ ఫీజు పెట్టి, కాస్త ఓపికున్న కోచ్‌ని ఒకరిని, వీలైతే ఫిజియోథెరపిస్టుని పెట్టండి. పాలకొల్లు, నరసాపురం వైపు ఇప్పటికే ఎవరైనా ఇలా నడుపుతుంటే కింద కామెంట్లో టైమింగ్స్ పెట్టండి. మా వీధిలోంచి ముగ్గురు నలుగుర్ని ఆటోలో నేనే తీసుకొస్తాను.