లండన్‌లో పుడితే ఆఫ్రికా సంగీతం కాకుండా పోతుందా?

మొన్న ఒక మిత్రుడి ఇంట్లో ఒసిబిసా అనే బ్యాండ్ పాట పెట్టాను. రెండు నిమిషాలు విన్నారో లేదో, "ఇది అసలైన ఆఫ్రికా సంగీతం కాదండీ, తెల్లవాళ్ల కోసం లండన్‌లో తయారైన కల్తీ సరుకు" అనేశారు. ఆ 'కల్తీ' అన్న మాట మూడు రోజులుగా ముల్లులా గుచ్చుకుంటోంది. అందుకే ఇది రాస్తున్నా.

1945 మే 8. యూరప్‌లో యుద్ధం ముగిసిందని లండన్ జనమంతా వీధుల్లోకి వచ్చేశారు. పికడిల్లీ సర్కస్ దగ్గర కొందరు నైజీరియా కుర్రాళ్లు గిటార్లు, డోళ్లు వాయిస్తూ నడుస్తుంటే, జనం ఆడుతూ వాళ్ల వెంటపడ్డారు. ఆ కుర్రాళ్లలో ఒకడు ఆంబ్రోస్ క్యాంప్‌బెల్. లాగోస్‌లో పుట్టాడు, ఓడలో పని చేస్తూ ఇంగ్లండ్ చేరాడు. తర్వాత వెస్ట్ ఆఫ్రికన్ రిథమ్ బ్రదర్స్ పేరుతో 1950లలో లండన్‌లోని సోహో పేటలో అబాలబి క్లబ్‌లో వాయించాడు. నల్లవాళ్లకు గదులు ఇవ్వబోమని ఇళ్ల కిటికీల్లో బోర్డులు పెట్టిన రోజులవి. అలాంటి ఊళ్లో నైజీరియా భాష యొరుబాలో పాట పాడి జనాన్ని ఆడించాడు ఆ మనిషి. ఇందులో కల్తీ ఎక్కడుంది? అసలు నైజీరియా సంగీతకారుడు ఫెలా కుటి కూడా తన కూలా లోబిటోస్ బ్యాండ్‌ను మొదలుపెట్టింది లండన్‌లో చదువుకునే రోజుల్లోనే కదా!

ఇక ఒసిబిసా. 1969లో టెడ్డీ ఒసే, ఆయన తమ్ముడు మ్యాక్ టాంటో, డ్రమ్మర్ సోల్ అమార్ఫియో, ముగ్గురూ ఘనావాళ్లే, లండన్‌లో మొదలుపెట్టారు. వాళ్లతో నైజీరియా నుంచి ఒకరు, గ్రెనడా, ట్రినిడాడ్, ఆంటిగ్వాల నుంచి ఒక్కొక్కరు కలిశారు. ఈ కూర్పు గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది. కరీబియన్ దీవుల నల్లవాళ్లు ఎవరు? ఒకప్పుడు ఆఫ్రికా తీరం నుంచి ఓడల్లో బానిసలుగా తరలించిన వాళ్ల వారసులు. వందల ఏళ్ల క్రితం విడదీసిన చుట్టాలు మళ్లీ ఒకే స్టేజి ఎక్కారు. ఘనాలోని తన ఊరు కుమాసిలోనే ఉండిపోతే టెడ్డీకి ఈ మనుషులు దొరికేవారా? 1976లో వాళ్ల పాట బ్రిటన్ చార్టులో 17వ స్థానం దాకా వెళ్లింది. సరే, అది తెల్లవాళ్ల మెప్పు అనుకుందాం. మరి 1980లో జింబాబ్వే తన స్వాతంత్ర్య సంబరాల్లో వాయించమని పిలిచింది కూడా వాళ్లనే. ఆఫ్రికావాళ్లకు లేని అనుమానం మనకెందుకు?

హైదరాబాద్ బరాత్‌లలో మర్ఫా మోగితే మనం ఆగగలమా? నిజాం సైన్యంలో కొలువుకు వచ్చిన సిద్దీలు, అంటే ఆఫ్రికా మూలాలున్నవాళ్లు, అరబ్బుల దరువు అది. ఏసీ గార్డ్స్ అన్న పేటకు ఆ పేరు వచ్చింది ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ వల్లే. మొన్న 'కల్తీ' అన్న మిత్రుడు కూడా తన కొడుకు పెళ్లిలో ఆ దరువుకు చెమటలు కారేదాకా ఆడారు. ఆ ఆనందం నిజం. నేను పక్కనే ఉన్నాను.

ఈ ఆదివారం మళ్లీ వాళ్లింటికి వెళ్తున్నాను. ఈసారి రెండు నిమిషాలు కాదు, రికార్డు మొత్తం కూర్చుని వినమని అడుగుతాను.