ఆఖరి కాగితం కేసు

రాత్రి పదకొండున్నర. పుస్తకాల కొట్టు యజమానురాలు అనుమానితులందర్నీ తన కొట్లోనే కూర్చోబెట్టి, తలుపు గడియ పెట్టి, తలా ఒక కప్పు టీ చేతికిచ్చి, "ఆ హత్య చేసింది మరెవరో కాదు..." అంది.

పేజీ తిప్పాను. అట్ట వచ్చింది.

వేలికి తడి చేసుకుని మళ్ళీ తిప్పాను. మళ్ళీ అట్టే. దీపం కింద పెట్టి చూస్తే, కుట్టు దగ్గర ఒక కాగితం చింపిన ఆనవాలు, చీమ నడిచినంత సన్నగా కనిపించింది. లేచి మంచినీళ్ళు తాగాను. పక్కగదిలోంచి మా ఆవిడ "ఎవరు పోయారండీ?" అంది నిద్రలోనే. నేను అర్ధరాత్రి నిట్టూర్చానంటే పుస్తకంలో ఎవరో పోయారని తనకి అలవాటే.

చిన్నప్పుడు డిటెక్టివ్ యుగంధర్ నవలలు అద్దెకు తెచ్చుకుని, లెక్కల పుస్తకంలో దాచుకుని చదివినవాణ్ణి. రిటైరయ్యాక గుండె అంత వేగాన్ని తట్టుకోవడం లేదు. ఇప్పుడు నాకు చిన్న ఊళ్ళ హత్యలే కావాలి. వీటినే ఇంగ్లీషువాళ్ళు కోజీ మిస్టరీలంటారు. హత్య తెర వెనకే జరిగిపోతుంది, నెత్తురు కనపడదు. పోలీసుకు బుర్ర తక్కువ. బేకరీ నడిపే ఆవిడో, ఊలు అమ్మే ఆవిడో, పుస్తకాల కొట్టు ఆవిడో కేసు తేలుస్తుంది. ఒక పిల్లి ఉండి తీరాలి. కొన్నింట్లో చివర కేకు చేసే విధానం కూడా ఇస్తారు, చచ్చినవాడి పేరు చెప్పుకుని తినమని కాబోలు. అగాథా క్రిస్టీ 1930లోనే మిస్ మార్పుల్ అనే పెద్దావిడని నవలకెక్కించి, పల్లెటూళ్ళో అల్లికలు అల్లుకుంటూ హంతకుల్ని పట్టుకోవచ్చని చూపించింది. ఇక 'మర్డర్ షీ రోట్' అనే టీవీ సీరియల్ 1984 నుంచి 1996 దాకా 264 ఎపిసోడ్లు నడిచింది. అందులో కాబట్ కోవ్ అనే బుల్లి ఊళ్ళో ఎన్ని హత్యలో! ఇంకా జనాభా ఎలా మిగిలిందో నాకు అర్థం కాదు.

మా పర్లాకిమిడి కూడా చిన్న ఊరే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడ్డప్పుడు మేము అటు, పక్కనున్న పాతపట్నం ఇటు పడ్డాం. కథకి ఇంతకన్నా ఏం కావాలి? హంతకుడు సైకిలెక్కి రాష్ట్రం దాటిపోవచ్చు. కానీ నాకు తెలిసి మా వీధిలో జరిగిన అతిపెద్ద నేరం, గుడి బయట నా కొత్త చెప్పులు పోవడం. అది కూడా తేలలేదు.

ఇప్పుడు కేసు నా చేతికే వచ్చింది. తెల్లారగానే పుస్తకం చంకన పెట్టుకుని, నలభై రూపాయలకి దాన్ని అమ్మిన పాత పుస్తకాల కొట్టుకి వెళ్ళాను. కొట్టాయన ఒడియా మనిషి, తెలుగు మనకన్నా బాగా మాట్లాడతాడు.

"కొణొ హెలా మాస్టారూ, ఇంత పొద్దున్నే?"

"హెలా గిలా కాదు. హంతకుణ్ణి చింపేసి అమ్ముతావా?"

అక్కడ పాఠ్యపుస్తకాలు కొంటున్న ఇద్దరు తల్లులు పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు. నేను ఆగలేదు. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. ఆ పూట నేను వాడిన వాడుక భాష వింటే, ఆయన కూడా గ్రాంథికానికే మొగ్గేవారేమో.

కొట్టాయన కళ్ళజోడు తుడుచుకుని పుస్తకం వెనకనుంచి తిరగేశాడు. "అమ్మినప్పుడు పూర్తిగానే ఉంది ఆజ్ఞా. చివర తెల్లకాగితం కూడా ఉండాలి. అదీ లేదే?" అన్నాడు. తెల్లకాగితంతో నాకేం పని? నలభై రూపాయలు చేతిలో పెట్టాడు. పుచ్చుకున్నాను. పుస్తకం కూడా ఉంచుకోమన్నాడు. ఉంచుకున్నాను. నేరస్థుడు కాకపోతే ఇంత మంచితనం ఎందుకని దారంతా అనుమానించాను కూడా.

నాలుగు రోజుల తర్వాత, ఆదివారం, కిరాణా కొట్టు బల్ల మీద కూర్చుని సామాన్ల కోసం ఎదురుచూస్తున్నాను. సావుకారు తల మీద కొక్కేనికి గుచ్చిన చీటీలు గాలికి ఊగుతున్నాయి. వాటిలో ఒకటి తిరిగింది. ఒక పక్క ఇంగ్లీషు అచ్చు. రెండో పక్క నా దస్తూరీ: కందిపప్పు రెండు కిలోలు, చింతపండు అరకిలో, ఇంగువ, యాలకులు.

అంతా గుర్తొచ్చింది. పుస్తకం కొన్న రోజున తిన్నగా ఇక్కడికే వచ్చాను. మా ఆవిడ ఫోన్లో సరుకులు చెప్పింది. రాసుకోవడానికి కాగితం లేదు. పుస్తకం వెనక అట్ట ఎత్తితే తెల్లగా కనిపించింది. ముందుగా ఆఖరి పేజీ చూడటం మహాపాపమని నమ్మేవాణ్ణి కదా, పొరపాటున చూపు పడుతుందేమోనని మొహం పక్కకి తిప్పుకుని మరీ చింపాను.

"సావుకారూ, ఆ చీటీ ఒకసారి ఇవ్వవా?"

"బాకీ ఏం లేదండీ మాస్టారూ."

"బాకీ కాదు, హంతకుడు."

అతను మారు మాట్లాడకుండా తీసిచ్చాడు. కాగితం సగమే ఉంది. మొదటి లైన్లోనే ఎం అనే అక్షరం, దాని పక్కన కొక్కెం చేసిన చిల్లు. ఎం అంటే మిస్టర్ కావచ్చు, మిసెస్ కావచ్చు. ఆ ఊళ్ళో మిస్టరూ మిసెస్సూ కాని అనుమానితుడు పిల్లి ఒక్కటే.

"కింది సగం ఏది?"

"ఖాళీగా ఉందని చింపి యాలకులు పొట్లం కట్టాను కదండీ."

సామాన్ల సంచీ అక్కడే వదిలేసి ఇంటికి పరుగెత్తాను. మా ఆవిడ పోపు వేస్తోంది. జరిగిందంతా గుక్క తిప్పుకోకుండా చెప్పాను. తను పోపు మాడకుండా మంట తగ్గించి, తీరిగ్గా నా వైపు తిరిగింది.

"ఆ పొట్లమా? విప్పగానే చదివాను. కాగితం కనిపిస్తే చదవకుండా ఎలా పారేస్తాం?"

"చదివావా! ఎవరు చంపారు?"

"చెప్తాను. ముందు ఆ నలభై రూపాయలు పట్టుకెళ్ళి పుస్తకాల కొట్టాయనకి ఇచ్చి రండి."

గుమ్మంలో చెప్పులేసుకుంటుంటే వెనకనుంచి మళ్ళీ వినిపించింది.

"పిల్లి మాత్రం కాదులెండి!"